రెండు పేజీల్లో, ముగింపుతో సహా

డెబ్బైల చివర్లో ఒమాన్ దేశంలో, రుస్తాఖ్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో నేను టైమ్‌కీపర్‌ని. సైట్‌కి ఎవరు ఎన్నింటికి వచ్చారో, ఎన్నింటికి వెళ్ళారో పెద్ద రిజిస్టర్‌లో రాయడం నా డ్యూటీ. అది నా శరీరం చేసే పని. నా ఆత్మ మాత్రం నవల రాస్తుండేది. అప్పట్లో నేను ఇలాగే మాట్లాడేవాణ్ణి, క్షమించాలి.

రెండేళ్ళలో ఆ నవల నాలుగు వందల పన్నెండు పేజీలైంది. పాత టైమ్ షీట్ల వెనకవైపు రాసేవాణ్ణి. ఒక వైపు ఫలానా హెల్పరు పది గంటలు ఎండలో సిమెంటు బ్లాకులు మోసినట్టు, రెండో వైపు నా కథానాయకుడు సరస్సు ఒడ్డున నిలబడి నిట్టూర్చినట్టు ఉండేది. రెండు వైపుల్లో చదవదగ్గది ఏదన్న విషయంలో నాకు రవ్వంత అనుమానం కూడా ఉండేది కాదు.

నా కథానాయకుడు చిత్రకారుడు. ఏదో చల్లని కొండ ఊళ్ళో, సరస్సు పక్కన మేడలో ఉంటాడు. నేను పుట్టి పెరిగింది గుంటూరు జిల్లా మిరపచేల మధ్య. కొండ ఊరు ఎలా ఉంటుందో ఎరువుల కంపెనీ వాళ్ళ క్యాలెండర్ మీద చూశాను, ఫిబ్రవరి పేజీలో. ఆ మాత్రం పరిశోధన చాలనుకున్నాను. నాయిక నాలుగో అధ్యాయంలో దగ్గుతుంది, చివరి అధ్యాయంలో చనిపోతుంది. ఈ రెంటి మధ్య మూడు వందల పేజీలు కిటికీ దగ్గర కూర్చుంటుంది.

మా అన్నయ్య ఊరి నుంచి నెలకోసారి తెలుగు వారపత్రికలు నాలుగైదు కట్టకట్టి పంపేవాడు. అలా వచ్చిన ఒకదాంట్లో నవలల పోటీ ప్రకటన కనిపించింది. బహుమతి ఎవరికి రావాలో నాకు చదవగానే అర్థమైంది. నిబంధనలు మాత్రం చికాకు పెట్టాయి. పూర్తి నవల పంపకూడదట. ముందు మూడు అధ్యాయాలు, వాటితో పాటు కథాసంగ్రహం పంపాలి. సంగ్రహం రెండు పేజీలకు మించరాదు. ముగింపుతో సహా చెప్పాలి.

రెండు పేజీలు! నా కథానాయకుడు సరస్సు వైపు తల తిప్పడానికే రెండు పేజీలు పట్టేది.

అయినా కూర్చున్నాను. మొదటి ప్రయత్నం పంతొమ్మిది పేజీలు వచ్చింది. దాన్ని కుదించాను. ఇరవై మూడు అయింది.

ఆ ప్రకటన కిందే కొత్త రచయితలకు ఒక సలహా ఉంది. పంపేముందు సాహితీమిత్రులకు చదివి వినిపించి వారి అభిప్రాయాలు తీసుకొమ్మని. రుస్తాఖ్‌లో అప్పుడు ఒక కోట ఉండేది, ఖర్జూరపు తోటలుండేవి, వేడినీళ్ళ ఊట ఉండేది. సాహితీమిత్రులు మాత్రం కనుచూపు మేరలో లేరు. నా రూమ్‌లో ఉన్న ఇద్దరితో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఒకాయన మేస్త్రీ. కరీంనగర్ జిల్లా వాడు, నలభై దాటిన మనిషి. అతను ప్లాస్టరింగ్ చేసిన గోడ మీద చెయ్యి పెట్టి చూడడానికి మా ఇంజినీరు పనిగట్టుకుని వచ్చేవాడు. చదువు రాదు. అతని ఉత్తరాలు నేనే రాసేవాణ్ణి, వచ్చినవి నేనే చదివి వినిపించేవాణ్ణి. రెండో ఆయన కడప భాయ్, కంపెనీ వాటర్ ట్యాంకర్ డ్రైవరు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట కడప తెలుగు. గల్ఫ్‌కి రాకముందు టూరింగ్ టాకీసు వాళ్ళ బండి నడుపుతూ, ఊరూరా మైకులో సినిమా ప్రచారం చేసేవాడట. ఒకరు అక్షరం రాని వారు, ఇంకొకరు మైకు వారు. నా సరస్సు వీళ్ళ పాలబడింది.

శుక్రవారం సెలవు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఇద్దరూ మంచాల మీద బాసింపట్టు వేసుకుని పెళ్ళివారిలా బుద్ధిగా కూర్చున్నారు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. 'హేమంత ప్రత్యూష వేళ నీహారికలు సరోవరమును మృదువుగా పరిష్వంగించుచుండ...'

నాలుగు పేజీలయ్యాక మేస్త్రీ చెయ్యెత్తాడు.

"సారూ, ఒక్కటి అడుగుత. కోపం జేయద్దు."

"అడుగు మేస్త్రీ."

"పొద్దు పొడిసింది. మంచిగనే ఉన్నది. మరి లేసినోడు ఎవడు?"

"ఎవరూ లేవలేదు. అది వాతావరణం."

"ఓ, గట్లనా." కాసేపు ఆలోచించాడు. "మరి ఎప్పుడు లేస్తడు?"

"ఆరో పేజీలో."

"సరే, సదువు," అని గోడకి ఆనుకున్నాడు. ఆ ఆనుకోవడం నాకు నచ్చలేదు.

భాయ్ అయితే ఏడో పేజీ దగ్గర లేచి నిలబడ్డాడు. "సార్, నా మాట ఇను. మైకు బండి యాడా ఆగదు. పోతా ఉంటాది. ఒక వీధి దాటే లోపల కథ చెప్పెయ్యాల. అప్పుడే జనం సాయంత్రం డేరాకాడికి వస్తారు. ఏదీ, నీ కథ వీధి దాటే లోపల చెప్పు, సూద్దాం."

"ఒక కళాకారుడి అంతరంగంలో నిరంతరం జరిగే..."

"వీధి దాటిపోయినాది సార్."

"పూర్తిగా విను భాయ్. సౌందర్యానికీ, మృత్యువుకీ మధ్య..."

"రెండో వీధి కూడా దాటిపోయినాది."

కాగితాలు మడిచి ట్రంకు పెట్టెలో పడేశాను. వాళ్ళు మాత్రం నొచ్చుకోకుండా, వచ్చే శుక్రవారం మళ్ళీ విందామన్నారు. సినిమా హాలు లేని ఊళ్ళో వాళ్ళకి నేను దొరికాను మరి.

వారమంతా కష్టపడి సంగ్రహాన్ని ఎనిమిది పేజీలకు తెచ్చాను. సూర్యోదయం తీసేశాను. కన్నబిడ్డని వదులుకున్నట్టు అనిపించింది. కథానాయకుణ్ణి మొదటి వాక్యంలోనే నిద్రలేపాను. చివర్లో మాత్రం నా తెలివి వదులుకోలేదు. 'అటుపై ఏమి సంభవించినదో పాఠకులే తెలుసుకొందురు గాక' అని ముగించాను.

"అంటే ఏమైనట్టు?" అన్నాడు భాయ్.

"అది చెప్పకూడదు. ఉత్కంఠ."

"ముగింపు చెప్పాలని వాళ్ళే రాసిండ్రంటివి గద సారూ," అన్నాడు మేస్త్రీ. "మాకు నక్ష ఇచ్చి, గోడలు లేపుండ్రి గని కప్పు సంగతి చెప్పం అంటె మేమెట్ల కడ్తం?"

చెప్పక తప్పలేదు. "నాయిక మరణిస్తుంది," అన్నాను, గొంతు బరువు చేసి.

"నాలుగో దాంట్లో దగ్గిందే, ఆయమ్మేనా?" అన్నాడు భాయ్.

"అవును."

"నాకు అప్పుడే తెల్సు సార్."

మేస్త్రీ ఇంకా వదల్లేదు. "ఆమె పొద్దంత కిటికీ కాడనే కూసుంటది గద. మరి ఇంట్ల పని ఎవలు జేస్తరు? నీళ్లు ఎవలు తెస్తరు?"

"పనిమనిషి ఉంటుంది మేస్త్రీ. అది ముఖ్యం కాదు."

"మరి పనిమనిషి గురించి ఎందుకు రాయలే? ఇంట్ల గా పనామెకొక్కదానికే పనున్నట్టున్నది."

ఆ మాటతో నాకు నిజంగానే కోపం వచ్చింది. వారం రోజులు ఇద్దరితోనూ మాట్లాడలేదు. గోడ వైపు తిరిగి అన్నం తిన్నాను. సాహిత్యం తెలియని మనుషులతో ఒకే గదిలో బతకాల్సి రావడమే ప్రవాసంలోని అసలు విషాదమని డైరీలో రాసుకున్నాను. ఎండలో బ్లాకులు మోసేవాళ్ళకి ఇంకేమైనా విషాదాలున్నాయేమో ఆ డైరీలో ఎక్కడా కనిపించదు.

ఆ అలక నడుమనే మేస్త్రీకి ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. టపా సంచీ మంగళవారం మస్కట్ నుంచి కంపెనీ పికప్‌లో వచ్చేది. మేస్త్రీ చేతులు కడుక్కుని, లంచ్ టైమ్‌లో నా ఆఫీసు గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సారూ, కోపముంటె ఉంచుకో. ఉత్తరం మాత్రం సదువు."

చదివాను. మడిచి అంటిస్తే అదే కవరయ్యే నీలం ఏరోగ్రామ్. మేస్త్రీ భార్యకి కూడా చదువు రాదు, వాళ్ళ ఊరి బడి పంతులమ్మ చేత రాయించేది. ఏడాదిగా ఆ ఉత్తరాల్లో ఒకే గొడవ నడుస్తోంది. వాళ్ళ పొలంలో పూడిపోయిన పాత బావి ఒకటుంది. అది తన వైపుదని మేస్త్రీ అన్న అడ్డం తిరిగాడు. ఆమె తాలూకాఫీసుకి పోయి, నాలుగు రోజులు గుమ్మంలో కూర్చుని సర్వే మనిషిని పిలుచుకొచ్చింది. కొలిపిస్తే బావి వీళ్ళదేనని తేలింది. వడ్డెర వాళ్ళని పెట్టి తవ్విస్తోంది. ఇదీ అప్పటిదాకా కథ. ఈ ఉత్తరంలో రాయి పడింది, పగలగొట్టించింది, నీళ్ళు పడ్డాయి. ఆ కాగితంలోనే ఆవు ఈనింది, చిన్న బిడ్డకి జ్వరం తగ్గింది, మేస్త్రీని నూనె తక్కువ తినమని హెచ్చరిక, కింద మూల మిగిలిన జాగాలో 'ఉత్తరం చదివే సారుకు దండాలు' కూడా పట్టాయి.

నేను ఎనిమిది పేజీల్లో ఒక మగవాణ్ణి సరస్సు దగ్గర్నుంచి ఇంటికి తీసుకురాలేకపోతున్నాను. ఆమె ఒక్క కాగితంలో భూమి కొలిపించి, బావగారి నోరు మూయించి, పాతాళం నుంచి నీళ్ళు తెప్పించింది.

ఇక్కడ నాకు కళ్ళు తెరుచుకున్నాయని చెబితే బాగానే ఉంటుంది. కళ్ళు కాదు, చేతులు లేచాయి. మర్నాడు ఆఫీసులో రిజిస్టర్ చాటున కాగితం పెట్టుకుని, లంచ్ లోపల రెండు పేజీల కథాసంగ్రహం రాసేశాను. మార్జిన్ కూడా మిగిలింది. భర్త గల్ఫ్‌లో ఉన్న ఒక స్త్రీ, ఒక బావి, అడ్డం తిరిగిన ఒక బావ. రచయితనన్న సంగతి గుర్తుండడానికి కొన్ని మెరుగులు దిద్దాను. ఆమె బావ కాళ్ళ మీద పడుతుంది. తాలూకాఫీసులో వెక్కి వెక్కి ఏడుస్తుంది. ఆఖర్న భర్త తిరిగొచ్చి అంతా చక్కబెడతాడు. ఆమెకి ఒక సుతిమెత్తని పేరు కూడా పెట్టాను. దీన్నే కల్పన అంటారని నాకు నేను చెప్పుకున్నాను.

శుక్రవారం అలక మానేసి నేనే పిలిచి చదివాను. రెండు పేజీలే గనక అయిదు నిమిషాల్లో అయిపోయింది.

భాయ్ మంచం మీద నుంచి దూకాడు. "సార్! ఇదీ కథంటే! వీధి దాటేది కాదు, బండే ఆగిపోయినాది! రాత్రికి డేరా పట్టదు జనాలు!"

మేస్త్రీ మాత్రం వేలిగోళ్ళ సందుల్లో ఎండిన సిమెంటు గీక్కుంటూ కూర్చున్నాడు. పది వేళ్ళూ అయ్యాక తలెత్తాడు.

"గిది మా ఇంటిది గద సారూ."

"కాదు మేస్త్రీ. కల్పితం. పేరు కూడా వేరే."

"పేరు వేరే పెట్టినవ్. బాయి మాత్రం మాదే."

భాయ్ సర్దబోయాడు. "అందరి చేన్లల్లోనూ బాయిలుంటాయి గదా మేస్త్రీ."

"ఉంటయి భాయ్. గని నాలుగు దినాలు ఆఫీసు కాడ కూసున్నది మా ఇంటిదే." తర్వాత నా వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. "నాకు సదువు రాదు గనక నా ఉత్తరాలు నువ్వు సదువుతవ్. నాకే సదువుంటె మా ఇంటి సంగతి నీకు తెలుస్తుండెనా?"

కాగితాలు రెండు చేతులతో పట్టుకుని, "చింపేస్తాను మేస్త్రీ," అన్నాను.

"సింపుడెందుకు? మంచిగనే ఉన్నది." కాగితాలు నా చేతుల్లోంచి తీసుకుని మంచం మీద పెట్టాడు. "ఆమెనడుగుదం."

"ఎవర్ని?"

"ఆమెనే. ఆమెది గద."

నాలోని రచయిత వెంటనే కోలుకున్నాడు. గడువు ఇంక ఏడు వారాలే ఉందన్నాను. ఉత్తరం పోవడానికి పదిహేను రోజులు, రావడానికి పదిహేను రోజులు, మధ్యలో పంతులమ్మకి తీరిక దొరకాలి అన్నాను. సాహిత్య విషయాల్లో ఇలా కుటుంబాల అనుమతులు తీసుకునే ఆచారం ఎక్కడా లేదని కూడా అన్నాను. మేస్త్రీ అంతా ఓపికగా విన్నాడు.

"గట్లయితె పంపకు," అన్నాడు.

అంతే. ఆ రెండు పేజీలూ చిన్న అక్షరాలతో నకలు తీసి అతని ఉత్తరంతో పాటు కవరులో పెట్టాను. నాలుగు వందల పన్నెండు పేజీల రచయిత రాత కరీంనగర్ జిల్లాలో ఒక ఇల్లాలి పరిశీలనకు బయల్దేరింది.

తర్వాతి వారాల్లో మంగళవారం పికప్ దుమ్ము దూరంగా కనిపించగానే రిజిస్టర్ వదిలేసి బయటికి పరుగెత్తేవాణ్ణి. ఫోర్‌మన్ నాకు పెళ్ళి సంబంధం వస్తోందనుకున్నాడు. భాయ్ కూడా నీళ్ళు పోసి వస్తూ రోజూ అడిగేవాడు. "ఏం సార్, ఎడిటరమ్మ కాడ్నుంచి ఏమైనా వచ్చినాదా?" మేస్త్రీ మాత్రం ఏమీ అడిగేవాడు కాదు. బావి గురించి ఆమె తొందరపడలేదు గనక కథ గురించీ తొందరపడదని అతనికి తెలిసినట్టుంది.

అయిదో వారంలో వచ్చింది. ఈసారి ఏరోగ్రామ్ కాదు, లావుపాటి కవరు. లోపల రూళ్ళ కాగితాలు రెండు. పైన పంతులమ్మ తన మాటగా ఒక వాక్యం రాసింది: 'ఈమె చెప్పింది చెప్పినట్టు రాయమన్నది, భాషాదోషములు నావి కావు.' కింద ఆమె మాటలు. రూమ్‌లో ఇద్దరినీ కూర్చోబెట్టి చదివాను.

'సారుకు దండాలు. పంతులమ్మ కథ సదివింది. నేను ఇన్న, మా చెల్లె గూడ ఇన్నది. మంచిగనే ఉన్నది గని తప్పులున్నయి.

'నేను బావ కాళ్ల మీద పడలేదు. పడితె బాయి ఆయనదే అయితుండె.

'నేను ఏడ్వలే. ఆఫీసుల ఏడ్సినోళ్లను జవాను ఇంటికి పో అని ఎల్లగొడ్తున్నడు. అది సూసిన. అందుకే ఏడ్వలే. సద్ది కట్టుకపోయి ఆడనే తిన్న. నాలుగో దినం ఆ సర్వే ఆయనకు నన్ను సూసి సూసి యాష్టకొచ్చింది, లేసి వచ్చిండు.

'కొలిసేటప్పుడు బావ సర్వే గొలుసు మీద కాలేసి నిలబడ్డడు. నేను పోయి జరుగు బావా అన్న. ఊరంత సూసింది. గది ఎందుకు రాయలేదు? అసలు ముచ్చట గదే గద.

'ఆఖర్ల మా ఆయన వచ్చి అంత సక్కజేసిండని రాసినవ్. ఆయన యాడికి వచ్చిండు? ఆడ మీ కాడనే ఉన్నడు గద. ఇప్పుడు పక్కకే కూసోని ఉంటడు, అడుగు.'

నేను మేస్త్రీ వైపు చూశాను. మేస్త్రీ పక్కనే కూర్చుని ఉన్నాడు.

"నిజమే సారూ," అన్నాడు. "నేను ఈడనే ఉన్న." అని నవ్వాడు. ఆ మనిషి పళ్ళు కనిపించేలా నవ్వడం నేను చూడడం అదే మొదటిసారి.

ఇంకా ఉంది. 'ఆయన మంచోడే. గని నీళ్లు పడ్డయి, నాట్లు గూడ అయినయి. ఆఖరుకు ఆయన ఎందుకు? నాట్లతోని ఆపు. ఆమెకు పెట్టిన పేరు మాకు నచ్చలేదు. అసొంటి పేరు మా దిక్కు ఎవ్వలకు లేదు. పంపుకుంటె పంపుకో. ఊరి పేరు రాయకు. బావకు సదువొచ్చు.'

భాయ్ తల పట్టుకుని కూర్చున్నాడు. "అబ్బా సార్! ఈయమ్మకు మైకు ఇచ్చింటే కడప జిల్లా అంతా డేరాలోనే ఉండేది!"

నేను పెన్సిలు తీసుకుని ఆమె చెప్పిన వరసలో ఒక్కొక్కటీ దిద్దాను. కాళ్ళ మీద పడడం కొట్టేశాను. ఏడుపు కొట్టేశాను. గొలుసు మీద బావ కాలు చేర్చాను. భర్తని తిరిగి గల్ఫ్‌కి పంపేశాను. పేరు మేస్త్రీని అడిగి మార్చాను. చివరికి రెండు పేజీల్లో నాలుగు పంక్తులు ఖాళీ మిగిలాయి. వాటిలో సూర్యోదయం పెట్టాలన్న కోరికని మాత్రం ఎవరూ అడ్డుకోకుండానే నేనే అణచుకున్నాను. దాన్ని నా సాహిత్య జీవితంలో మొదటి విజయంగా లెక్కేసుకోవచ్చు.

రెండోది అంత తొందరగా రాలేదు. సంగ్రహంతో పాటు మూడు అధ్యాయాలు పంపాలి కదా. ఆ కథకి నా దగ్గర ఒక్క అధ్యాయం లేదు, గడువుకి రెండు వారాలు కూడా లేవు. కొత్తవి రాయాలంటే రాయొచ్చు. కానీ పెట్టెలో సిద్ధంగా మూడు అధ్యాయాలున్నాయి, మంచుతో, సరస్సుతో. సంగ్రహం ఏదైనా కానీ, నా వచనం కంటబడితే సంపాదకుడు అన్నీ మరిచిపోతాడనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా ఆ మూడూ తెల్ల కాగితాల మీద శుభ్రంగా తిరగరాసి కవరులో పెట్టి, లీవు మీద పోతున్న ఒక ఎలక్ట్రీషియన్ చేతికిచ్చి బొంబాయిలో పోస్టు చెయ్యమన్నాను.

మూడు నెలలకి జవాబొచ్చింది. బహుమతి రాలేదు. సంపాదకుడు తన చేత్తో రాసిన కార్డు: 'మీ కవరులో ఇద్దరు రచయితల ప్రతులు పొరపాటున కలిసిపోయినట్టున్నవి. కథాసంగ్రహం మాకు బాగా నచ్చినది. దానితో వచ్చిన అధ్యాయములు వేరెవరివో. దయచేసి సంగ్రహం రాసిన రచయితను పూర్తి నవల పంపవలసిందిగా మా మాటగా కోరగలరు.'

ఆ కార్డుని నాలుగు రోజులు చొక్కా జేబులో దాచాను. అయిదో రోజు తన బట్టలతో పాటు నా చొక్కా కూడా ఉతకబోతూ భాయ్ దాన్ని బయటికి తీశాడు. అతనికి తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు. గట్టిగా, ఒక్కొక్క అక్షరం పట్టుకుని, మైకులో చదివినట్టు మేస్త్రీకి వినిపించాడు. 'వే-రె-వ-రి-వో' దగ్గర రెండుసార్లు చదివాడు.

"ఏ అధ్యాయాలు సార్?" అన్నాడు అమాయకంగా.

చెప్పేశాను. వాళ్ళు ఎంతసేపు నవ్వారో టైమ్‌కీపర్‌ని అయ్యుండీ నేను రాసుకోలేదు. మేస్త్రీ కళ్ళు తుడుచుకుని అన్నాడు: "సారూ, జవాబు రాయి. ఇద్దరు గాదు, నలుగురని రాయి."

రాయలేదు. రచయిత నవల రాస్తున్నాడనీ, కొంత సమయం పడుతుందనీ మాత్రం రాశాను. ఆ రచయిత ఎవరో చెప్పలేదు, నాకూ సరిగ్గా తెలియదు గనక.

ఏడాది పైన పట్టింది. శుక్రవారానికి ఒక అధ్యాయం చదివేవాణ్ణి. బావిలో రాయి పడితే సమ్మెట దెబ్బ చప్పుడు ఎలా మారుతుందో మేస్త్రీ నేల మీద సుత్తితో కొట్టి చూపించాడు. బావ గొలుసు మీద కాలేసిన చోట నేను ఒక పేరా ఉపన్యాసం పెడితే, "వీధి, వీధి!" అని భాయ్ అరిచాడు. తేలని సంగతులుంటే ఊరికి రాసేవాళ్ళం. ఆమె ఒక్కోసారి జవాబిచ్చేది, ఒక్కోసారి పనులున్నయని రెండే ముక్కలు రాయించేది. నవల నూట డెబ్బై పేజీల దగ్గర, నాట్లతో ఆగింది. సరస్సు నవల ఏమైందంటారా, పారెయ్యలేదు. నేను అంత గొప్పవాణ్ణి కాదు.

అది పత్రికలో సీరియల్‌గా వచ్చేనాటికి మేస్త్రీ కాంట్రాక్టు అయిపోయి ఊరికి వెళ్ళిపోయాడు. భాయ్ బర్కా దగ్గర ఒక తోటలో పనికి మారాడు. నేను మస్కట్ ఆఫీసులో ఉన్నాను. పత్రికవాళ్ళు నవల పేరు మార్చారు. బొమ్మల్లో ఆమెకి పట్టుచీర కట్టి, తల్లో మల్లెపూలు పెట్టి, తాలూకాఫీసు గుమ్మంలో కూర్చోబెట్టారు. నాకు కొంచెం కడుపు మండింది. ఏడాది కిందట అయితే ఆ బొమ్మని నేనే కోరి వేయించుకునేవాణ్ణి.

పది వారాలు అచ్చయ్యాక మేస్త్రీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, పంతులమ్మ రాతతోనే. వారం వారం బడి అరుగు మీద పంతులమ్మ చదువుతోందట, ఆడవాళ్ళు పదిమంది దాకా వచ్చి వింటున్నారట. బావ ఇంకా అది తన సంగతని పోల్చుకోలేదట. పైగా ఆ కథలో బావ మంచివాడిలా ఉన్నాడని అన్నాడట. బొమ్మలో బావికి మెట్లున్నాయి, తమ బావికి లేవని ఆమె ఫిర్యాదు. అన్నిటి కింద ఆమె మాట వేరేగా ఉంది.

'సారూ, తొమ్మిదో వారం పుస్తకం మా ఊరికి రాలే. సర్వే ఆయన వచ్చేది ఆ వారమే. అందుల ఏమైందో తెలుస్తలేదు. జర పంపు.'

నా దగ్గరున్న ప్రతి ఆ మధ్యాహ్నమే పోస్టు చేశాను. ఆ వారం సంచిక ఇప్పటికీ నా దగ్గర లేదు.